అంటా

ఒడియాలో అంటా అంటే నడుం.
మా కాశీనగర్‌లో ఇది చంటిపిల్లకీ తెలుసు.
తెలుగులో అంట అంటే
ఎవరో అన్నది, మనం కళ్లారా చూడనిది.
ఈ రెండు మాటల మధ్య
రెండేళ్లు మంచం పట్టాను నేను.

బియ్యం బస్తా ఎత్తుతుంటే పట్టేసింది, అంతే.
ముప్పయ్యేళ్లు మురీలు వేపిన ఒళ్లు,
ఇసక మూకుడు ముందు గొంతుక్కూర్చుని
పుల్లల కట్టతో తిప్పి తిప్పి మొండికెక్కిన ఒళ్లు.
వారం పడుకుంటే తగ్గేదేమో.

శ్రీకాకుళం డాక్టరు ఫిలింని కిటికీకి ఆనించి
"అరిగిపోయింది" అన్నాడు.
ఒక్క మాట. మూడు వేల రెండొందలు.
"వంగకు" అని మరో మాట ఊరికే ఇచ్చాడు.

బస్సు పాతపట్నం దాటేసరికి
నా వెన్ను సుద్దముక్కైపోయింది.
ప్రతి గతుకుకీ పొడి రాలుతున్న చప్పుడు
నాకొక్కదానికే వినిపించింది.

ఇక ఊరంతా అంటలే.
పై వీధి దమయంతికీ ఇలాగే మొదలయ్యిందంట,
కాళ్లు పడిపోయాయంట.
ఆపరేషన్ చేస్తే లేవరంట.
చెయ్యకపోయినా లేవరంట.

మా బైరాగి మంచోడు.
చెంబు ఎత్తబోతే చెంబు లాక్కున్నాడు,
చీపురు పట్టబోతే చీపురు.
అతని సైకిలు గంట వినిపిస్తే చాలు
నొప్పి లేచి కూచునేది, చుట్టం వచ్చినట్టు.
ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు.
దొంగనొప్పి అంటారని.

కోడలు అననే అంది ఒకసారి,
పొయ్యి ఊదుతూ, పొయ్యితో అన్నట్టు.
ఆ రాత్రి నిజమని రుజువు చెయ్యడానికి
తెల్లార్లూ మూలిగాను.
తెల్లారేసరికి రుజువైపోయింది.
కదల్లేకపోయాను.

పర్లాఖిముండి ఆస్పత్రిలో సుబాసిని,
కసరత్తులు చేయించే పిల్ల,
"అంటా బింధుచి?" అంది.
నడుం నొప్పెడుతోందా అని.
నా చెవికి మాత్రం
అంట నొప్పెడుతోందా అని పడింది.
అవునమ్మా, అదే, అన్నాను.
అంతమందిలో ఏడ్చాను.

ఫిలిం చూసి పక్కన పెట్టింది.
"ఈ వయసులో చాలామందికి ఇంతే మావుసీ,
జుట్టు నెరిసినట్టు."
కోపం వచ్చింది నాకు.
"మరి రెండేళ్ల నొప్పి అబద్ధమా?"
"నొప్పి నిజం.
కుక్క మొరిగింది నిజమే కదా.
దొంగ వచ్చాడా లేదా అన్నది వేరే."
ఎక్కడ నొప్పో మళ్లీ అడగలేదు.
ఏమేం మానేశావో చెప్పమంది.

మూకుడు. బిందె. మనవణ్ణి చంకనేసుకోవడం.
నేల మీద కూచుని అన్నం తినడం.
వంశధారలో మునగడం.
తుమ్మడం, ఆపుకోగలిగినంత వరకు.
వేళ్లు చాల్లేదు.
గట్టిగా నవ్వడం కూడా, అని
చెప్పబోయి మానేశాను.

మార్గశిరంలో ఒక లక్ష్మివారం
మురీల డబ్బా దొర్లిపోయింది.
వాకిలంతా తెలుపు. కోళ్లు.
వంగాను. దోసిళ్లతో ఎత్తాను.
కోళ్ల వంశాన్నంతా తిట్టాను.
సగం డబ్బా నిండాక గుర్తొచ్చింది
నేను వంగకూడదని.
అప్పుడొచ్చింది నొప్పి,
బండి తప్పిపోతుందన్నట్టు పరుగెత్తుకుంటూ.

పోలేదు. పోయిందని ఎవరన్నా అంటే నమ్మకండి.
రోజుకి రెండు మూకుళ్లు వేపుతున్నాను,
బాగున్న రోజూ రెండే, బాగోని రోజూ రెండే.
బైరాగి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు.
అలా నిలబడమని ఆ పిల్లే చెప్పింది.
నా కసరత్తు కంటే అతనిదే కష్టం.

నిన్న పొద్దున్న
కాళ్లు పడిపోయిన దమయంతి
పై వీధి నుంచి నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది.
"నీకు తగ్గిపోయిందంట కదా?"

కూచో అన్నాను.
పీట తియ్యడానికి వంగాను,
భయంగానే.